విఫల బోర్ల కరువు

మా గుండ్లకొట్టాలకు కరువు కొత్త కాదు. వానలకు కరువు చూశాం, పశువుల మేతకు కరువు చూశాం, మా ఊరి మగపిల్లలకు పిల్లనిచ్చేవాళ్ల కరువు కూడా చూశాం. కానీ ఎండిపోయిన బోర్లకు కరువు వస్తుందని మా పెద్దలెవరూ కలలో కూడా అనుకోలేదు. అనంతపురం జిల్లాలో ఎండిన బోరు దొరకలేదంటే సముద్రంలో ఉప్పు దొరకలేదన్నట్టే. అయినా దొరకలేదు. ఎందుకు దొరకలేదో చెప్పాలంటే ప్రభుత్వం వారి పనితనాన్ని కొంచెం పొగడాల్సి ఉంటుంది. నాకేమీ అభ్యంతరం లేదు.

నా పేరు బాబావలి. మోటార్లకు వైండింగ్ కడతాను. బోర్లలో నీళ్లు తగ్గేకొద్దీ రైతుల మోటార్లు కాలిపోతుంటాయి, మోటార్లు కాలేకొద్దీ మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంటుంది. అందుకని నీళ్ల గురించి నేను ఎవరి పక్షమూ మాట్లాడకూడదు. కాకపోతే నా షాపు పక్కగది అద్దెకు తీసుకుని అందులో భూమిలోకి నీళ్లు ఇంకించే జలపునర్భరణ విభాగం వారు క్యాంపు ఆఫీసు పెట్టారు. మధ్యలో ఉన్నది రేకు గోడ. దానికి చెవి ఆనించాల్సిన పని కూడా లేదు. ప్రత్యేకాధికారి చిదానందం గారు టీ అడిగినా సభలో ప్రసంగించినట్టే ఉంటుంది.

చిదానందం గారు మా ఊరికి మొదట వచ్చింది మూడేళ్ల కిందట. అప్పుడాయన పని బోర్లు మూయించడం. పక్క మండలంలో ఓ మేకపిల్ల పాడుబడ్డ బోరులో పడింది. దాన్ని పైకి తీసే కార్యక్రమం టీవీలో రోజంతా చూపించారు. మేకపిల్ల బతికింది. దాంతో జిల్లాలోని ఎండిన బోర్లన్నీ పూడ్చేయాలని ఉత్తర్వు వచ్చింది. చిదానందం గారు మా పొలాల్లో చెట్టుచెట్టూ పుట్టపుట్టా తిరిగి, కనిపించిన ప్రతి ఎండిన బోరులోనూ రాళ్లూ మట్టీ నింపించి, పైన సిమెంటు పోయించి, ఆ సిమెంటు మీద నంబరు వేయించారు. ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు. ఊరి మొదట్లో ‘విఫల బోర్లు లేని గ్రామం’ అని పెద్ద బోర్డు పెట్టారు. ఆయనకు శాలువా కప్పారు. ఆ ఫొటో ఇప్పటికీ క్యాంపు ఆఫీసు గోడకు ఉంది.

రెండేళ్లు తిరిగేసరికి కొత్త పథకం వచ్చింది. ‘ఎండిన బోరు – ఊరికి వరం’ అని దాని నినాదం. ఎండిన బోరు చుట్టూ గుంత తీసి, గులకరాళ్లూ ఇసుకా నింపి, వాననీళ్లను ఆ బోరులోంచి కిందికి దింపితే భూగర్భంలో నీళ్లు పెరుగుతాయి. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. మంచి ఆలోచనే. నేను విని సంతోషించాను కూడా. ఊరికి ఇన్నేసి బోర్లని లక్ష్యం పెట్టి, మా ఊరికి మళ్లీ చిదానందం గారినే పంపారు, ఆయనకు ఎండిన బోర్లతో అనుభవం ఉంది కదా అని.

మొదటి రోజే గోడ అవతల గొంతులు లేచాయి. రెండో గొంతు ఏఈ హేమంత్‌ది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర ఇంజనీరు, ఇంకా నిజాలు చెప్పే అలవాటు పోలేదు.

“సార్, ఈ ఊళ్లో విఫల బోర్లు లేవు.”

“లక్ష్యం నిర్దేశించిన తరువాత లేకపోవడం అనే ప్రశ్న ఉత్పన్నం కాదు హేమంత్.”

“మనమే పూడ్చేశాం సార్.”

“అయితే వెలికి తీయించండి.”

“పూడ్చినట్టు ధ్రువీకరణ అయిపోయింది సార్. తనిఖీ అయిపోయింది. మీకు శాలువా కూడా అయిపోయింది. ఇప్పుడు తవ్వితే ఆ శాలువా...”

తన పాత విజయాన్ని తానే తవ్వుకునేంత అమాయకుడెవరూ ఆ ఉద్యోగంలో అంత కాలం ఉండరు.

“అలాంటప్పుడు నూతన విఫల బోర్లను ఏర్పాటు చేయడమే శరణ్యం,” అన్నారు చిదానందం గారు.

“కొత్త బోర్లకు నిషేధం ఉంది సార్. ఇది భూగర్భజల అతివినియోగ గ్రామం.”

“నిషేధం దేనికయ్యా? నీటి కోసం వేసే బోర్లకు. మనం వేయబోయేది నీళ్లు పడని బోర్లు. నిషేధం ఉద్దేశమేమిటి? ఎవరూ నీళ్లు తోడకూడదు. మన బోర్ల ఉద్దేశమేమిటి? అసలు నీళ్లే ఉండకూడదు. చట్టం కన్నా మనమే ఒక అడుగు ముందున్నాం.”

అయితే చిక్కు ఇంకొకటుంది. మన ప్రాంతంలో బోరు వేస్తే నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు, నిజమే. కానీ పడవన్న నమ్మకం మాత్రం ఎక్కడుంది? ప్రభుత్వ ఖర్చుతో వేసిన విఫల బోరులో నీళ్లు పడితే ఆడిట్ వారికి ఏమని సమాధానం చెప్పాలి? హేమంత్ దగ్గర భూమి లోపలి రాతిని పరీక్షించే మిషన్ ఒకటుంది. అది సగంసార్లు సరిగ్గా చెబుతుంది, సగంసార్లు తప్పు చెబుతుంది. చిదానందం గారు దాన్ని పక్కన పెట్టించారు. సగంసార్లు సరిగ్గా చెప్పేదాన్ని ఎలా నమ్ముతాం అన్నారు.

సరిగ్గా అప్పుడే నా షాపులో కాలిన మోటారుతో కూర్చున్న ఓ రైతు వన్నూరప్పను తిడుతున్నాడు. రేకు గోడకు అటూ ఇటూ అని తేడా లేదు కాబట్టి ఆ తిట్లన్నీ ఆఫీసులోకి వెళ్లాయి.

వన్నూరప్ప బోరు పాయింట్లు చూపించే మనిషి. కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, పొలమంతా నెమ్మదిగా నడుస్తాడు. కింద నీళ్లున్నచోట కాయ దానంతట అదే లేచి నిటారుగా నిలబడాలి. ఆయన చేతిలో కాయ నిలబడని పొలం లేదు. అక్కడ బోరు వేస్తే దుమ్ము తప్ప మరోటి లేచిన పొలమూ లేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన్ను దుమ్ము వన్నూరప్ప అంటాయి. అలాగని పిలవడం మానుకున్నారా అంటే అదీ లేదు. ఇన్నిసార్లు తప్పినవాడు ఈసారి కూడా తప్పడానికి వీల్లేదని మా రైతుల లెక్క. ఆ లెక్క మీద తోటలకు తోటలు పోయాయి.

మర్నాడు ఆయన్ను జీపులో తీసుకొచ్చారు. అరవై దాటిన మనిషి. తెల్ల పంచె, భుజాన సంచి, సంచిలో కొబ్బరికాయ. ప్రభుత్వం తనను తప్పుడు పాయింట్లకు అరెస్టు చేస్తోందనుకున్నాడు పాపం. గదిలోకి వెళ్లేముందు నాకేసి చూసి, మా ఇంట్లో చెప్పు అన్నట్టు తల ఊపాడు.

“మీరు ఎంతకాలంగా విఫలమవుతున్నారు?” అడిగారు చిదానందం గారు.

“అట్లంటే ఎట్ల సామీ? కాయ నిలబడ్తాది. బోరు బండి వచ్చేలోగా నీళ్లు కిందికి జారుకుంటాండాయి. దానికి నేనేం సేసేది?”

“ఒక్కసారైనా నీళ్లు పడ్డాయా? దాచకుండా చెప్పండి.”

“అబద్ధమెందుకు సామీ. ఒకసారి తడిమన్ను వచ్చింది.”

చిదానందం గారు హేమంత్ వైపు తిరిగారు. “ఏ కాలంలోనో కనుక్కోండి.”

“వానాకాలం సామీ.”

“వర్షప్రభావం. పరిగణనలోకి తీసుకోనవసరం లేదు. చూశారా హేమంత్! మీ మిషన్ రెండు రకాలుగా చెబుతుంది. ఈయన ఒకే రకంగా తప్పుతాడు. ఈ స్థిరత్వాన్నే శాస్త్రం అంటారు.”

అలా వన్నూరప్పకు ‘ప్రతికూల జలాన్వేషణ నిపుణుడు’ అని ఉద్యోగమిచ్చారు. మెడలో ఫొటో కార్డు వేశారు. అయితే ఆయన ఒక్క విషయంలో మొండికేశాడు. నీళ్లు లేని చోటు చూపడం తనకు రాదన్నాడు. “నేను నేర్చింది నీళ్లు చూపేదే సామీ. లేని తావు చూపమంటే నా వల్ల కాదు, వేరేవాణ్ణి సూసుకోండి.”

“మాకు కావలసింది అదే,” అన్నారు చిదానందం గారు ఆనందంగా. “మీరు చిత్తశుద్ధితో నీళ్ల కోసమే వెతకండి. మిగతాది మీ అనుభవం చూసుకుంటుంది.”

మొదటి బోరు పీరయ్య దిబ్బ మీద వేశారు. బోరు బండివాళ్లు జన్మలో అలాంటిది చూసి ఉండరు. మామూలుగా బోరు వేస్తుంటే రైతు కాస్త దూరంలో మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంటాడు. దుమ్ము లేచేకొద్దీ వాడి ముఖం చూడలేక డ్రైవరు అటు తిరిగి బీడీ కాలుస్తాడు. ఇక్కడేమో దుమ్ము లేస్తుంటే కుర్చీలేసుకుని కూర్చున్న అధికారులు చప్పట్లు కొడుతున్నారు. కొత్త పైపు దిగి మళ్లీ తెల్లటి రాతిపొడి లేచినప్పుడల్లా ‘శభాష్’ అంటున్నారు. ఏదో తప్పు జరుగుతోందనుకుని డ్రైవరు రెండుసార్లు బండి ఆపాడు. చివరికి అడుగు వరకూ ఎండు రాయి తప్ప మరేమీ లేదని తేలాక లడ్లు పంచారు. హేమంత్ కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము వల్లనే అన్నాడు.

రెండో బోరూ అంతే. మూడోదీ అంతే. వన్నూరప్పకు మాత్రం అన్నం సహించడం లేదు. కాయ నిలబడిన ప్రతిచోటా ఆయన నిజంగానే నీళ్లనుకుంటున్నాడు. దుమ్ము లేచిన ప్రతిసారీ నిజంగానే బాధపడుతున్నాడు. ఆ బాధను చూసి చిదానందం గారికి ఆయన మీద నమ్మకం రోజురోజుకూ పెరుగుతోంది.

అప్పుడు వచ్చింది సుంకమ్మక్క. వానకు మాత్రమే పారే వంక పక్కన ఆమెకు చీనీ తోట ఉంది, బయటివాళ్లు బత్తాయి అంటారు. భర్త పోయాక ఒంటిచేత్తో పెట్టిన తోట. అంట్లు తెచ్చి, గుంతలు తీసి, బిందెలతో మోసి పెంచింది. ఆ ఏడే మొదటి కాపు పట్టాల్సింది. తీరా ఆమె బోరు దగ్గడం మొదలుపెట్టింది. కాసేపు నీళ్లు, కాసేపు గాలి. చెట్ల ఆకులు దొప్పలుగా ముడుచుకుపోతున్నాయి. కొత్త బోరుకు అనుమతి అడిగీ అడిగీ ఆమె చెప్పులరిగాయి. ఆ తోట పోతే ఆమెకు ఇంకేమీ లేదు, ఇంకొకటి పెట్టే వయసూ లేదు.

“బాబావలీ, నీళ్లు పడకుండా బోర్లు ఏసిస్తాండారంట, నిజమేనా?” అని అడిగింది.

“నిజమే అక్కా.”

“అయితే నాకూ ఒగటి కావల్లని రాసియ్యి నాయనా.”

“నీకు కావాల్సింది నీళ్లు గదక్కా?”

“నీళ్లు కావల్లంటే పర్మిషన్ లేదంటారు. నీళ్లు వద్దంటే ఎంటబడి ఇస్తాండారు. సరే, వద్దనే అడుగుదాం. లోపల ఏముండాదో భూమికి గదా తెలిసేది.”

రాసిచ్చాను. చిదానందం గారు ఆమెను పిలిపించి, మీ పొలంలో నీళ్లు పడవని ఏమిటి నమ్మకమని అడిగారు. ‘మా మామ వేయించిన బోరు పోయినాది సార్, మా ఆయన వేయించినవి పోయినాయి, ఇప్పుడుండేది గూడా పోయేకి వచ్చింది’ అని చెప్పింది సుంకమ్మక్క. చిదానందం గారికి ఆ కుటుంబ నేపథ్యం బాగా నచ్చింది. వెంటనే మంజూరు చేశారు.

బోరు బండి వచ్చిన రోజు వన్నూరప్ప తోట గట్టున చెప్పులు విడుస్తుంటే సుంకమ్మక్క దగ్గరకెళ్లి, “వన్నూరన్నా, వాళ్ల కోసం కాదు. నా చెట్లను చూసి నడువు” అంది. ఆయన ఆమెకేసి చూశాడు, చెట్లకేసి చూశాడు. మెడలోని ఫొటో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. చాలాసేపు నడిచాడు. తోట మూల రెండు చెట్ల మధ్య కాయ లేచి నిలబడింది. ఎప్పటిలాగే.

ఎప్పటిలాగే దుమ్ము లేచింది. ఎప్పటిలాగే చప్పట్లు పడ్డాయి. సుంకమ్మక్క గట్టున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. లడ్ల డబ్బా మూత తీశారు. అంతలో దుమ్ము ఆగింది. బండి గొంతు మారింది. గొట్టం అంచున బురద కనిపించింది. ఆ బురదను తోసుకుంటూ నీళ్లు తాటిచెట్టు ఎత్తున లేచి, కుర్చీల్లో కూర్చున్న అధికారుల మీద పడ్డాయి. లడ్లు కరిగిపోయాయి.

“ఎవరు చేశారిది?” అని చిదానందం గారు అరిచారు.

“నీళ్లు సార్,” అన్నాడు డ్రైవరు.

“అది తెలుస్తోంది. ఎవరి అనుమతితో?”

సుంకమ్మక్క ఆ నీళ్ల కింద నిలబడి తడిసిపోతూ నవ్వుతోంది. ఆమె నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. వన్నూరప్ప కొబ్బరికాయను గుండెకు హత్తుకుని నేలమీద కూలబడ్డాడు. ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. నాకూ ఒళ్లు పులకరించింది. నా బేరం పోయినా పర్వాలేదనిపించింది, అంత బాగుంది ఆ నీటి చప్పుడు.

సాయంత్రానికల్లా బోరుకు మూత బిగించి సీలు వేశారు. వన్నూరప్పకు మెమో ఇచ్చారు. ‘విఫలం కావడంలో తాము విఫలమైన కారణంగా తమ సేవలను ఇందుమూలముగా నిలిపివేయడమైనది’ అని ఉంది అందులో. ఆయనకు చదువు రాదు. నా షాపుకు తెచ్చి చదివించుకున్నాడు. చదివాను. “ఇంగొకసారి సదువు నాయనా,” అన్నాడు. మళ్లీ చదివాను. ముఖం వెలిగిపోతుంటే మూడోసారీ చదివించుకుని, మడిచి, కొబ్బరికాయ ఉన్న సంచిలోనే పెట్టుకున్నాడు.

సుంకమ్మక్క ఆఫీసుకెళ్లి, నీళ్లు పడ్డాయి కదా, మోటారు దించుకుంటానని అడిగింది. చిదానందం గారు ఆమెను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు.

“చూడమ్మా. మీరు దరఖాస్తు చేసుకున్నది విఫల బోరుకు. మీకు మంజూరైంది విఫల బోరు. మధ్యలో నీళ్లు పడటం దురదృష్టకరం. కానీ మీకు న్యాయంగా రావలసిన వైఫల్యాన్ని మీకు చేర్చే బాధ్యత ప్రభుత్వానిది. మీరేమీ దిగులుపడకండి.”

“నాకు వైఫల్యం వద్దు సార్. నీళ్లు చాలు.”

“అలా అందరూ నీళ్లు చాలనుకోబట్టే ఇది అతివినియోగ గ్రామమైంది.”

రెండ్రోజులు ఆలోచించి దారి కనిపెట్టారు. బోరులో నీళ్లుండటమే కదా ఇబ్బంది, ఆ నీళ్లు అయిపోయేదాకా తోడేస్తే అది విఫల బోరవుతుంది. అప్పుడు చట్టబద్ధంగా దాంట్లో నీళ్లు నింపొచ్చు. దీనికి ‘వైఫల్య పునరుద్ధరణ’ అని పేరు పెట్టి, మోటారు బిగించడానికి నన్ను పిలిచారు. పెద్ద మోటారు, రాత్రనక పగలనక తిరిగేది.

నేను కేబులు కలుపుతూ, “సార్, ఎటూ తోడి పారబోసేదే గదా. ఆ నీళ్లేవో చెట్లకు పారనీండి. మీ పనీ అవుతాది, తోటా బతుకుతాది” అన్నాను.

చిదానందం గారు నన్ను జాలిగా చూశారు. “చెట్లకు పారితే దాన్ని వినియోగం అంటారు బాబావలీ. వినియోగమైతే బోరు సఫలమైనట్టు. సఫలమైతే అది అక్రమం. వంకలోకి పోతే ఏమీ కాదు.”

అందుకని తోట మధ్యలోంచి వంక వరకూ పైపులైను వేశారు. చుక్క కారకుండా అతుకులన్నీ బిగించారు. పొరపాటున ఏ చెట్టయినా తాగేస్తుందేమోనని కాపలాకు గార్డును పెట్టారు. కొన్నాళ్లకు ఒక అతుకు దగ్గర సన్నగా లీకైంది. దాని కింద ఉన్న ఒక్క చీనీ చెట్టు ఆకు విప్పి, లేత చిగురు వేసింది. గార్డు అది చూసి రిపోర్టు చేశాడు. గంటలో మనుషులొచ్చి బాగుచేశారు. పంచాయతీ కొళాయి నా షాపు ముందు నా పెళ్లికి ముందు నుంచీ కారుతోంది. ప్రభుత్వం వారు ఇంత చురుగ్గా లీకేజీ ఆపగలరని నాకు ఆ రోజే తెలిసింది.

సుంకమ్మక్క రోజూ వచ్చి ఆ పైపు మీద చెయ్యి పెట్టి కూర్చునేది. లోపల నీళ్లు పోతుంటే పైపు చల్లగా ఉంటుంది. చుట్టూ చెట్లు ఒక్కొక్కటే ఆకు రాలుస్తున్నాయి. గార్డుకు కూడా ఆమె ముఖం చూడలేక అటు తిరిగి నిలబడటం అలవాటైంది. వన్నూరప్పేమో వంకలో తన నీళ్లు పడేచోట కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరు పలకరించినా, “ఇవి నేను చూపిన నీళ్లే” అని చెప్పేవాడు.

కొన్ని వారాలకు నా షాపులో కాలిన మోటార్లు గుట్టపడ్డాయి. సుంకమ్మక్క కొత్త బోరును రాత్రింబగళ్లు తోడుతుంటే ఆమె పాత బోరూ చుట్టుపక్కల రైతుల బోర్లూ ఒకదాని వెనక ఒకటి ఎండిపోతున్నాయి. భూమి లోపల అందరి నీళ్లూ ఒకటే కదా. హేమంత్ హడలిపోయి ఆఫీసులోకి పరిగెత్తాడు.

“సార్, ఘోరం జరిగిపోతోంది. పక్క పొలాల్లో బోర్లన్నీ ఎండిపోతున్నాయి!”

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు గోడ ఇవతలికి వినిపించింది.

“ఎండిపోతున్నాయా? పూర్తిగానా?”

“పూర్తిగా సార్.”

“హేమంత్!” అన్నారు చిదానందం గారు. “బండి అద్దె లేకుండా, లడ్లు లేకుండా, ఒక్క వైఫల్యం నుంచి ఇన్ని వైఫల్యాలా? మన లక్ష్యం నెరవేరిపోయిందయ్యా!”

ఫిర్యాదు చేయడానికి వచ్చిన రైతులను లోపలికి పిలిచి ఒక్కొక్కరికీ అభినందన పత్రం ఇచ్చారు. వాళ్లు అది పట్టుకుని నా షాపులోకొచ్చి, దీంతో ఏం చేయాలి బాబావలీ అని అడిగారు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

చివరికి ఒక పొద్దున సుంకమ్మక్క కొత్త బోరు కూడా నీళ్లు ఆపి గాలి ఊదింది. అధికారులు పెద్దగా ఊపిరి పీల్చుకున్నారు. బోరుకు విఫల ధ్రువీకరణ ఇచ్చారు. బోరు విఫలమైనట్టు తేలింది కాబట్టి వన్నూరప్ప ఆ పాయింటు చూపడంలో కూడా తప్పినట్టే లెక్కని, ఆయన మెమోను రద్దు చేసి మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఇప్పుడు ఆయన రికార్డులో మచ్చ లేదని చిదానందం గారు స్వయంగా చెప్పారు. ముసలాయన ఆఫీసు మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆనందబాష్పాలని హేమంత్ రాసుకున్నాడు. పాపం, ఆ కుర్రాడికి కూడా అప్పటికి ఉద్యోగం బాగా వంటబట్టింది.

ఇక ప్రారంభోత్సవం. బోరు చుట్టూ గుంత తీసి, గులకరాళ్లు నింపి, ముగ్గులేశారు. పునర్భరణ జరగాలంటే వాన కావాలి. ఆకాశంలో మబ్బు లేదు. జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చే తేదీని మబ్బు కోసం మార్చడం బాగుండదు కాబట్టి టౌను నుంచి ట్యాంకర్లు తెప్పించారు. తోట గట్టు పొడవునా నీళ్లు నిండిన ట్యాంకర్లు వరసగా నిలబడ్డాయి. వాటి మూతల నుంచి నీళ్లు తొణికి దుమ్ములో పడుతుంటే చెట్లతో పాటు మనుషులం కూడా వాటినే చూస్తున్నాం.

చెట్లకు ఇంకా ప్రాణం ఉంది. కొమ్మ విరిస్తే లోపల పచ్చి కనబడుతోంది. సుంకమ్మక్క లబ్ధిదారు కాబట్టి ఆమెకు కొత్త చీర ఇచ్చి వేదిక మీద కూర్చోబెట్టారు. ఆమె లేచి చిదానందం గారి దగ్గరకెళ్లి రెండు చేతులూ జోడించింది.

“సార్, ఆ నీళ్లు గొట్టంలో పోసినా భూమిలోకే పోతాయి. నా చెట్ల మొదట్లో పోసినా భూమిలోకే పోతాయి. యాడ పోసినా ఒగటే గదా సార్. ఈ ఒక్క తడి పారనీండి. వానలొచ్చేదాకా బతుకుతాయి. మీ కాళ్లు మొక్కుతా.”

నేను అబద్ధం చెప్పను, చిదానందం గారి కళ్లలో కూడా ఏదో కదిలింది. తర్వాత ఆయన ఉద్యోగం ఆయన్ను కాపాడింది.

“అమ్మా, గొట్టం ద్వారా వెళితే పునర్భరణ. చెట్టు ద్వారా వెళితే సాగు. మా విభాగానికి సాగుతో సంబంధం లేదు.”

పెద్ద అధికారి స్విచ్చు నొక్కారు. ట్యాంకర్ల నీళ్లన్నీ గులకరాళ్ల మీదుగా బోరులోకి దిగాయి. ‘ఈ బోరులో ఇప్పుడు నీళ్లున్నాయి!’ అని మైకులో ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. ఆ నీళ్లను ఎవరూ తోడకుండా మళ్లీ మూత బిగించి సీలు వేశారు. అవి భావితరాల నీళ్లట. కొత్త శాలువా పాతదాని కన్నా బాగుంది.

చీనీ తోట ఆ నెలలోనే ఎండిపోయింది. దాన్ని నష్టం కింద రాస్తారేమో అనుకున్నాను. నాది తెలివితక్కువతనం. తోట తాగడం మానేసింది కాబట్టి అది తాగే నీళ్లన్నీ మిగిలినట్టు నివేదికలో రాశారు. సాగు నీటి వినియోగాన్ని సున్నాకు తెచ్చిన మొదటి తోట అని జిల్లా అంతటా పేరొచ్చింది. పక్క జిల్లాల నుంచి అధికారులు బస్సుల్లో చూడటానికి రావడం మొదలైంది. సుంకమ్మక్క చెట్లను కొట్టేసి కట్టెలకైనా అమ్ముకుందామంటే ఒప్పుకోలేదు. ప్రదర్శన తోట కదా. బస్సు వచ్చినప్పుడల్లా ఆమె తోట దగ్గర నిలబడాలి. నేను తోడు వెళ్లేవాణ్ని. ఆమెను ఒంటరిగా ఆ ఎండుకొమ్మల మధ్య వదలబుద్ధయ్యేది కాదు.

మొన్న వచ్చిన బస్సులోంచి టోపీ పెట్టుకున్న ఓ అధికారి దిగి, తోటంతా కలియదిరిగి చాలా మెచ్చుకున్నాడు.

“ఇప్పుడు ఈ తోటకు రోజుకు ఎన్ని నీళ్లు కావాలమ్మా?”

“చుక్క గూడా తాగదు సార్,” అంది సుంకమ్మక్క.

అందరూ చప్పట్లు కొట్టారు. “సచ్చిపోయినాది సార్, సచ్చినాక యాడ తాగుతాది?” అని ఆమె ఇంకో మాట కూడా అంది. అది ఆ చప్పట్లలో కలిసిపోయింది. పక్కనున్న నాకే వినబడింది.

టోపీ అధికారి పెన్ను తీశాడు. “మా మండలంలో కూడా ఇలాంటిదొకటి తయారుచేయాలనుకుంటున్నాం. దీనికి ఎంతకాలం పట్టింది?”

“పెంచేకా సార్, ఎండేకా?”

“రెండూ చెప్పండి.”

“పెంచేకి అయిదేండ్లు పట్టింది సార్. ఎండేకి మీరొచ్చినంతసేపు.”

ఆయన రాసుకున్నాడు. నేను పక్కనుంచి తొంగిచూశాను. ‘అతి తక్కువ కాలంలో’ అని రాసి, కింద గీత గీసుకున్నాడు.